మంచు అనుకున్న దుమ్ము

మా అమ్మ ఇంట్లో కిటికీలకు రెక్కలు ఉత్త పేరుకే. అవి మూసింది నేను ఎప్పుడూ చూడలేదు. వాన జల్లు కొట్టి గోడలు తడిసినా, ధనుర్మాసం చలికి మా పళ్ళు టకటకలాడినా, తెరిచింది తెరిచినట్టే. చిన్నప్పుడు ఒకసారి చలికి తట్టుకోలేక దుప్పటి తీసి కిటికీకి అడ్డం కట్టినాను. పొద్దున్నే అమ్మ లేచి చూసింది, చేతికి దొరికిన చీపురుతో నా వీపు వాయించింది. "గాలికే అడ్డం కడతావా? మదనపల్లె గాలంటే ఏమనుకుంటాండావే! యాడాడి నుంచో జనం వచ్చి ఈ గాలి పీల్చి బతికిపోయినారు!" అని ఒకటే అరుపు.

అందులో అబద్ధమేమీ లేదు. ఊరి బయట కొండల పక్కన, క్షయ జబ్బుకని పాతకాలంలో మిషన్ వాళ్ళు కట్టిన ఆస్పత్రి ఉండాది. మా అమ్మ పెండ్లి కాక ముందే ఆడ ఆయాగా చేరి, తల నెరిసేదాకా చేసింది. సరైన మందులు లేని కాలంలో ఆడ గాలే మందంట. పొద్దున్నే రోగుల మంచాలన్నీ వసారాలోకి తోసి, కొండ తట్టు మొగం తిప్పి పడుకోబెట్టేవాళ్ళంట. ఆ పద్ధతి మా అమ్మ పెద్ద ఆయాల దగ్గర నేర్చుకునింది. తర్వాత మందులు వచ్చినాయి, మంచాలు లోపలికి పోయినాయి, ఆడ అందరూ మరిచేపోయినారు. మా అమ్మ మరవలేదు. ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా, జలుబొచ్చినా, ఆఖరికి కడుపు నొప్పి వచ్చినా మంచం వసారాలోకి పోవాల్సిందే. చర్చిలో కూడా ఆమె ఫ్యాను కింద కూర్చోదు, వాకిలి దగ్గర కూర్చుంటుంది.

మా ఇంటాయనది కుప్పం. గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టే పని. నేను కువైట్‌లో ఇంటి పనికి ఉన్న ఏండ్లన్నీ ఆయన ఆ రాతి పొడిలోనే ఉన్నాడు. ఫోన్లో నవ్వతా అనేవాడు, "నువ్వు ఆడ ఇసక తిను, నేను ఈడ రాయి తింటా, ఇద్దరికీ ఆకలి ఉండదు" అని. నేను కూడా నవ్వేదాన్ని. ఏం నవ్వులో ఏమో, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండతాది.

నేను తిరిగొచ్చి చూస్తే మనిషి సగమైనాడు. మాట మాటకు దగ్గు. మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకోవల్ల. పెద్ద డాక్టరుకు చూపిస్తే, ఊపిరితిత్తుల్లో రాతి పొడి చేరి గట్టిపడిందన్నాడు. "చేరింది పోదమ్మా. ఇంక చేరకుండా చూసుకోండి. ఈయనకు దుమ్ము తగలకూడదు. తగిలితే మళ్ళీ లేవడం కష్టం" అన్నాడు. ఆ ఒక్క మాట నా చెవుల్లో మేకు కొట్టినట్టు కూర్చునింది.

మా అమ్మకు చెప్తే ఎగిరి గంతేసినంత పని చేసింది. "దుమ్ము తగలకూడదా? అయితే ఇంకేముండాది, మదనపల్లెకు తీసుకురా నా అల్లుణ్ణి!" అనింది. నాకూ అదే మేలనిపించింది. కుప్పం ఇల్లు ఖాళీ చేయకుండానే ఆయన్ని అమ్మ దగ్గరికి తెచ్చేసినాను. నేను పుంగనూరులో ఒక హాస్టల్‌లో వంటకు కుదురుకోని, బస్సులో పోయి వస్తా ఉన్నాను.

మంచం వసారాలోకి చేరింది. పొద్దున్నే అమ్మ ఆయన్ని కొండ తట్టు మొగం తిప్పి కూర్చోబెట్టేది, రాగి జావ తాగించేది, దుప్పటి కప్పేది. ఆయన సాధువు, అత్త ఏం చెప్తే దానికి తలూపుతాడు. ఏ మాటకు ఆ మాట చెప్పుకోవల్ల, ఆయన కోలుకున్నాడు. దగ్గు తగ్గింది, వీధి చివరి టీ అంగడి దాకా ఒక్కడే పోయి వచ్చేవాడు. మా అమ్మ గర్వం చూడాల! వచ్చిన వాళ్ళందరికీ అల్లుణ్ణి చూపించి "మా గాలి!" అనేది, ఆ గాలిని తనే వండి పెట్టినట్టు.

సరే, ఇంక ఆ పొద్దు సంగతికి వస్తాను.

మాఘం పోతా ఉన్నింది, చలి వెనక్కి తగ్గి ఎండ చురుక్కుమనే కాలం. కుప్పంలో మిగిలిన సామాన్లు సర్ది, ఇంటి బీగాలు ఇచ్చేసేదానికి ముందు రోజు పోయినాను. పక్కింటి వాళ్ళ దగ్గర పడుకోని, పొద్దున్నే మదనపల్లె బస్సెక్కినాను. కాళ్ళ దగ్గర గ్రైండరు, ఒళ్ళో గిన్నెల మూట. కుప్పం దాటేటప్పుడు కొంచెం మబ్బుగా ఉన్నింది, అంతే. పట్టించుకోలేదు. కునుకు పట్టింది.

పలమనేరు దాటినాక ఎవరో "అబ్బబ్బా, ఏం మంచప్పా ఇది!" అంటే కండ్లు తెరిచినాను. కొండల్లేవు. రోడ్డు పక్క చింత చెట్లు రొంత దూరం వరకే కనిపిస్తాండాయి, ఆ పైన అంతా తెల్లగా, కాదు, తెలుపు కూడా కాదు, మాసిపోయిన పంచె రంగు. డ్రైవరు లైట్లేసినాడు. ముందు సీట్లో పిల్లోళ్ళు ఫోన్లెత్తి ఫోటోలు తీసుకుంటాండారు. "ఊటీ మాదిరి ఉండాది గదా!" అని వాళ్ళ సంబరం.

నేను తలెత్తి పొద్దును చూసినాను. నేరుగా చూడనిచ్చింది. కండ్లు చికిలించే పని లేకుండా, అల్యూమినియం మూత మాదిరి, గుండ్రంగా, చప్పగా. అట్లాంటి పొద్దును నేను ఇంతకు ముందు చూసినాను. ఈడ కాదు.

కువైట్‌లో గుబార్ అంటారు. గాలి లేచి, ఎడారిని ఎత్తి ఊరి మీద పోసేదాన్ని. నేను మొదటిసారి చూసింది మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు. ఆకాశం అంచున ఒక గోడ లేచింది, చూస్తా ఉండంగానే ఊరిని మింగేసింది. ఆ ఇంటి ముసలామెకు ఉబ్బసం. గుబార్ అనంగానే మేడం కేకలేస్తా వచ్చేది: తువ్వాళ్ళు తడుపు, తలుపుల కింద దూర్చు, కిటికీ సందుల్లో దూర్చు! ఎంత మూసినా వచ్చేది. బియ్యప్పిండి కన్నా సన్నం. చక్కెర డబ్బాలో ఉంటుంది, దిండులో ఉంటుంది, మడిచిపెట్టిన చీర మడతల్లో ఉంటుంది. గాలి నిలిచిపోయినాక కూడా పోదు, తర్వాతి రోజు మంచు మాదిరి ఊరంతా నిలబడి ఉంటుంది. ముసలామె ముక్కుకు గొట్టం పెట్టుకోని, నా చెయ్యి పట్టుకోని ఊపిరి కోసం కొట్టుకునేది. ఇంటికొచ్చే విమానం ఎక్కినప్పుడు, ఒక పీడ వదిలిందిరా దేవుడా అనుకున్నాను.

బస్సు కిటికీలో నుంచి చెయ్యి బయట పెట్టినాను. మంచైతే చెయ్యి తడవాల. తడవలేదు. వేళ్ళు రుద్దుకుంటే గరగరమన్నాయి. పళ్ళు కొరికితే నోట్లోనూ గరగర. కాలిన మట్టి వాసన, గొంతులో సున్నం రాసినట్టు. నా నోటి నుంచి నాకు తెలీకుండానే "గుబార్" అని వచ్చింది. పక్క సీట్లో ఆమె "ఏమ్మా?" అనింది. ఏమని చెప్పేది? మధ్యలో ఒక సముద్రం ఉండాది. సముద్రం దాటి దుమ్ము వస్తాదని ఎవరికైనా చెప్తే నవ్వరా? నాకే నమ్మకం కలగలేదు. పిచ్చి పట్టిందేమో అనుకున్నాను.

కానీ వసారాలో మంచం గుర్తుకొచ్చింది.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగంగానే అమ్మకు ఫోన్ చేసినాను. ఎత్తి, నేను హలో అనేలోపలే మొదలుపెట్టింది.

"పాపా, మంచు సూసినావా! ఈ ఏడు సరిగా పడనే లేదనుకున్నా, కొండ దిగి మన వాకిట్లోకే వచ్చింది!"

"మా, ఆయన యాడుండాడు?"

"యాడుంటాడు, వసారాలో. రొంత దగ్గుతాండాడు. మంచు గాలి లోపలికి పోతే కఫం కరిగి బయటికొస్తాది, అంతే."

"మా! అది మంచు కాదు, దుమ్ము! లోపలికి తీసుకుపో, కిటికీలన్నీ మూసెయ్!"

"దుమ్మా? మదనపల్లెలోనా?" అని పకపకా నవ్వింది. "తలకాయ తిరిగిందా నీకు? రోగులకు మంచాలేసినదాన్ని నేను, నాకు సెప్తావా గాలి సంగతి!" టక్కున పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆమె ఫోను లోపల గూట్లో పెట్టి బయటికి పోతే ఇంక అంతే, సైరన్ మోగినా వినదు. ఆయన ఫోనుకు చేసినాను. శానా సేపటికి ఎత్తినాడు. మాట లేదు. ఈల మాదిరి సన్నంగా ఊపిరి, మళ్ళీ ఊపిరి, దాని వెనక మా అమ్మ గొంతు: "బాగా పీల్సు నాయనా, బాగా పీల్సు!"

ఓ దేవుడా! నేను బస్టాండులో నిలబడి పిచ్చిదాని మాదిరి ఫోన్లోకి అరిచినాను. "పీల్చొద్దు! లోపలికి పో! ఏమప్పా, వినిపిస్తాండాదా, లోపలికి పో!" చుట్టూ జనం తిరిగి చూసినారు. కండక్టరు "ఎక్కమ్మా, ఎక్కు" అన్నాడు. ఎక్కినాను.

పుంగనూరు నుంచి మదనపల్లె రోజూ పోయి వచ్చే దారే. ఆ పొద్దు మాత్రం ఆ దారి తెగనే లేదు. డ్రైవరు లైట్లేసుకోని నింపాదిగా పోతాండాడు. నేను లేచి ముందుకు పోయి "బిరీన పోనీ అన్నా, మా ఇంటాయనకు ఊపిరాడడం లే" అన్నాను. ఆయన నా మొగం చూసి యాక్సిలరేటరు తొక్కినాడు. గ్రైండరు, గిన్నెల మూట బస్సులోనే మరిచిపోయి దిగినాను. ఆటో ఎక్కి, ఆటోవాడికి చేత్తోనే ఇంటి దారి చూపించినాను.

సందు మలుపు తిరగంగానే కనిపించింది. మంచం వసారాలో కూడా లేదు. వాకిట్లో ఉండాది, పూర్తిగా బయల్లో.

ఆయన మంచం మీద కూర్చోని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని ముందుకు వంగి ఉండాడు. భుజాలు పైకీ కిందికీ లేస్తాండాయి, మెడ నరాలు తాళ్ళ మాదిరి తేలినాయి. పెదాలు నేరేడు పండు రంగు. జుట్టు మీద, కనుబొమల మీద, దుప్పటి మీద పిండి మర నుంచి వచ్చినోడి మాదిరి సన్నటి పొడి. పక్కన మా అమ్మ నిలబడి విసనకర్రతో టపటపా విసరతాండాది.

"గాలి సాలడం లే పాపా," అనింది నన్ను చూసి. కండ్లలో నీళ్ళు. "దానికే బయటికి తెచ్చినా. ఇంకా గాలి కావల్ల!"

ఆమె చేతిలో విసనకర్ర లాక్కోని యాడికో విసిరేసినాను. ఆయన నుదురు తుడిచి నా వేలు ఆమె మొగం ముందర పెట్టినాను. వేలికి పసుప్పచ్చ దుమ్ము. ఆమె చూసింది. అర్థం కాలేదు. మళ్ళీ చూసింది.

ఆటోవాడు పరిగెత్తుకుంటా వచ్చి ఆయన్ని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టినాడు, మా అమ్మ కూడా ఎక్కింది. నా కొంగు తడిపి ఆయన ముక్కుకు అడ్డం పెట్టి పట్టుకున్నాను. ఆయన కండ్లు తేలేస్తా నన్నే చూస్తాండాడు. ఆస్పత్రి దాకా "పోవద్దు, పోవద్దు" అని ఒకటే మాట అన్నానంట, ఆటోవాడు తర్వాత చెప్పినాడు.

ఆస్పత్రిలో బెంచీల మీద, నేల మీద అంతా ఊపిరాడని వాళ్ళే. తంబళ్లపల్లె నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన గోడకు ఆనుకోని కూర్చోని ఎగశ్వాస. చంకలో బిడ్డను పెట్టుకోని ఒక తల్లి. అందరూ ఒకటే మాట: మంచులో తిరిగినాము, అది ఒంటికి పడలేదు. మా ఆయన్ని చూడంగానే నర్సమ్మ లోపలికి పంపించేసింది. ఆక్సిజన్ పెట్టినారు, మందు పొగ పట్టించినారు, సూదులేసినారు. డాక్టరమ్మ చిన్న వయసుదే, చెమటలు కారతా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరగతాండాది.

"ఇది మంచు కాదు గదమ్మా?" అని అడిగినాను.

"కాదమ్మా. సముద్రం అవతల ఎడారుల్లో పెద్ద గాలి లేచిందంట. ఆ దుమ్ము బాగా పైకి లేచి, గాలితో ఇంత దూరం వచ్చి దిగింది. మన రోడ్ల దుమ్ము, పొగ కూడా దాంట్లో కలిసింది. అంతా అదే అని చెప్పలేము గానీ కొంత అదే. మామూలు వాళ్ళకు గొంతు మంట, అంతే. ఈయన మాదిరి వాళ్ళకే ప్రాణం మీదికి వస్తాది. పొద్దున యాడున్నాడు ఈయన?"

నేను మా అమ్మ తట్టు చూసినాను. ఆమె గోడకు ఆనుకోని, చేతులు జోడించుకోని, పెదాలు కదిలిస్తా ప్రార్థన చేస్తాండాది. నాకు యాడ లేని కోపం పొంగింది.

"బయట! వాకిట్లో! కూర్చోబెట్టి విసనకర్రతో ఆ దుమ్మే విసిరింది ఈమె!" అని ఆస్పత్రంతా వినేటట్టు అరిచినాను. "సెప్తే విన్నావా? ఫోన్ పెట్టేస్తివే! మంచాలేసినదాన్నంటివే!"

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరమ్మను చూసి, మెల్లగా అడిగింది: "ఎడారి యాడుండాది, మదనపల్లె యాడుండాది తల్లీ? బైబిల్లో సదివే ఎడారి, మా ఇంటికెట్ల వస్తాదమ్మా?"

డాక్టరమ్మ ఆమె మొగం చూసి, భుజం మీద చెయ్యేసి పోయింది. నాకు కోపం యాడికో పోయింది. నేను అయిదారేండ్లు ఆ దుమ్ము ఊడ్చినదాన్ని, నాకే నమ్మకం కుదరలేదే, ఇంక ఆమె సంగతి ఏమని చెప్పాల. నాకు అది యాడో దూరాన ఉండే పీడ. ఆమెకు మాత్రం తన ఇంటి దేవుడే వచ్చి కొట్టినట్టయింది.

సాయంత్రానికి ఆయన పెదాలకు మామూలు రంగు తిరిగొచ్చింది. మాస్కు కొంచెం పక్కకు జరిపి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెవి పెట్టినాను.

"కువైట్ సూపిస్తానని సూపించలేదే నువ్వు," అన్నాడు, ఊపిరి ఊపిరికి ఒక మాట. "అదే వచ్చింది సూడు, నన్ను సూసేదానికి."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకసారే వచ్చినాయి. "నోరు మూసుకోని మాస్కు పెట్టుకో," అన్నాను. ఆయన మా అమ్మ తట్టు చెయ్యి చూపించి, ఏమీ అనొద్దు అన్నట్టు తలూపినాడు. నేను అనాల్సింది ముందే అనేసి ఉన్నాను, ఇంక ఏముండాది.

కొన్నాళ్ళకు ఇంటికి తెచ్చినాము. కానీ పాత మనిషి రాలేదు. టీ అంగడి దాకా పోయేవాడు ఇప్పుడు గడప దాకా వస్తే గొప్ప. లోపల గదిలో మంచం. నేను కిటికీ రెక్కలు లాగితే, ఏండ్ల తరబడి కదలక బిగుసుకుపోయిన బందులు కీచుమన్నాయి, ఒక రెక్క ఊడి చేతికొచ్చింది. వడ్రంగిని పిలిపించి కొత్త రెక్క వేయించినాను. సందుల్లో తడిగుడ్డలు దూర్చేది అమ్మకు నేర్పించినాను. నేర్చుకునింది, మారు మాట్లాడకుండా. మంచుకూ దుమ్ముకూ తేడా ఎట్ల తెలుస్తాదని అడిగింది. చెయ్యి బయట పెట్టు, తడిస్తే మంచు, తడవకపోతే లోపలికి వచ్చెయ్ అని చెప్పినాను.

ఈ మధ్య, కార్తీకం పోయి చలి మొదలైనాక, ఒక పొద్దున కొండ కనపడకుండా తెల్లగా కమ్ముకునింది. నేను హాస్టల్‌కు పోయేదానికి తల దువ్వుకుంటా ఉన్నాను. ఆయన లోపల దిండ్లకు ఆనుకోని కూర్చోని ఉన్నాడు. చూస్తే మా అమ్మ వాకిలి సందులో నుంచి చెయ్యి బయటికి చాపి నిలబడి ఉండాది. శానా సేపు అట్లే నిలబడింది. తర్వాత ఆ అరచేతిలో తడి ఆరిపోకుండా పట్టుకోని, ఏదో తెచ్చిచ్చినట్టు నా దగ్గరికి వచ్చింది.

"తడిసింది సూడు పాపా," అనింది. "మంచే. రొంత తెరవొచ్చునా?"

చీపురుతో నా వీపు వాయించిన మనిషి. నేను ఆ చెయ్యి పట్టుకోని చూసినాను. తడిగానే ఉండాది, చల్లగా. నా చెయ్యి కూడా బయట పెట్టి చూసినాను, అదీ తడిసింది. వేలు నాలుక మీద పెట్టి చూసినాను, గరగర లేదు. అంతా సరిగానే ఉండాది. అయినా నాకు ధైర్యం రాలేదు.

"ఉండు మా," అన్నాను. "ఇంకొంచేపు సూద్దాము."

ఆమె సరే అని పోయి ఆయన మంచం అంచున కూర్చునింది. దువ్వెన పక్కన పెట్టి నేనూ పోయి కూర్చున్నాను. ముగ్గురం ఆ మూసిన కిటికీ తట్టే చూస్తా ఉన్నాము.